అమెరికా సైగలు నేర్చుకుంటే మన హన్మకొండ పిలగానికి అర్థమైతయా?

మేనమామ_హన్మకొండ:
మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. పుట్టుకతోనే వినపడదు, సైగలతోనే మాట్లాడతడు. ఇంట్ల అందరం నేర్చుకుందామని చూస్తే యూట్యూబ్ నిండా అమెరికా వీడియోలే. డాలస్‌ల ఉన్న మా బాబాయి "సైగలు ఏ దేశంల అయినా ఒక్కటే, ఏది నేర్చుకున్నా నడుస్తది" అంటున్నడు. నిజమేనా? ఇంకొకటి, తెలుగు మాట్లాడుకుంట ఒక్కో మాటకు ఒక్కో సైగ పెడితే సరిపోతదా?

చేతిమాట:
ఒక్కటి కాదు. ప్రపంచంల 300కు పైనే సైగల భాషలున్నయి. నోటితో మాట్లాడే భాష వెంట కూడా అవి నడువవు. అమెరికాల, ఇంగ్లండ్‌ల మాట్లాడేది ఇంగ్లిషే, కానీ అక్కడి బధిరులు ఎదురుపడితే ఒకరి సైగలు ఒకరికి తెల్వవు.

కారణం బడి. 1817ల అమెరికాల హార్ట్‌ఫర్డ్‌ల బధిరుల బడి పెట్టినప్పుడు, చదువు చెప్పడానికి పారిస్ నుంచి లోరాన్ క్లేర్ అనే బధిర పంతులును తీసుకపోయిన్రు. ఆయనతోని వచ్చిన ఫ్రెంచి సైగలు, పిల్లలు ఇండ్లల్ల నుంచి తెచ్చుకున్న సైగలు కలిసి ఇప్పటి అమెరికా సైగల భాష అయింది. అందుకే అది ఫ్రెంచి వాళ్లకు దగ్గర, ఇంగ్లండ్‌కు దూరం. ఐర్లండ్ ఇంగ్లండ్‌కు పక్కనే ఉన్నది, అయినా అక్కడి బడులు ఫ్రెంచి దారి పట్టినయి కాబట్టి వాళ్ల సైగలు వేరు. కొరియా, తైవాన్ సైగలు జపాన్ సైగలకు చుట్టాలు. జపాన్ పాలనల అక్కడ బధిరుల బడులు నడిచినయి మరి.

మన దగ్గర చూస్తే తెలుగు, హిందీ, పంజాబీ ఇండ్లల్ల పెరిగిన బధిరులు వాడే సైగల వ్యాకరణం దాదాపు ఒక్కటే. పాకిస్తాన్ దాక అంతే. మారేది మాటలు. రంగులు, అంకెలు, చుట్టరికాల సైగలు ఊరికో తీరు ఉంటయి, మనం మక్కలు అంటే గుంటూరోళ్లు మొక్కజొన్న అన్నట్టు.

అక్షరాల కాడ తేడా వెంటనే కనబడతది. అమెరికాల ఇంగ్లిష్ అక్షరాలు ఒక్క చేతితోనే చూపిస్తరు. మన దేశంల రెండు చేతులు కావాలె, ఆ పద్ధతి బ్రిటిష్ వాళ్లదానికి దగ్గర. బ్రిటిష్ పద్ధతిల ఎడమచేతి బొటనవేలి కొన ముట్టుకుంటే 'ఏ', చూపుడువేలు 'ఈ', నడిమి వేలు 'ఐ', ఉంగరపు వేలు 'ఓ', చిటికెన వేలు 'యు'. మీరు అమెరికా వీడియో చూసి ఒక్క చేతితో 'కాజీపేట' అని అక్షరాలు పేరిస్తే మీ పిలగాడు మీ ముఖం దిక్కు చూస్తడు.

కాజీపేట_జంక్షన్:
రెండో ప్రశ్నకు నేను చెప్త. తెలుగు వరుసల పెట్టకండి. "నువ్వు రేపు బస్టాండ్‌ల ఎవరిని కలుస్తవు?" అనేది సైగలల్ల ఇట్ల వస్తది: రేపు, బస్టాండ్, నువ్వు, కలుసుడు, ఎవరు. కాలం ముందట, ప్రశ్న ఆఖరుకు. వద్దు, లేదు, కాదు కూడా ఆఖరుకే.

ప్రశ్న సైగల సంగతి బాగుంటది. చాలా చోట్ల మూల సైగ ఒక్కటే. దాని ముందట ముఖం చూపిస్తే ఎవరు, చోటు చూపిస్తే ఎక్కడ, టైమ్ చూపిస్తే ఎప్పుడు, లెక్క చూపిస్తే ఎన్ని. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, అన్నిట్ల 'ఎ' ఉన్నది చూడండి, అసొంటిదే. మనకు అది ముందట వస్తది, వాళ్లకు వెనుక.

"తిన్నవ్" అన్నా "తిన్నవా" అన్నా చేతులు చేసే పని ఒకటే. ఆ చివరి దీర్ఘం ముఖం మీద ఉంటది: కండ్లు పెద్దగ చేసి, తల కొద్దిగ ముందుకు. కొత్తగ నేర్చుకునేవాళ్లు చేతుల మీద ధ్యాస పెట్టి ముఖం కొయ్యబొమ్మ లెక్క పెడతరు. అప్పుడు మీరు అడిగింది వానికి చెప్పినట్టు కనబడతది, జవాబు రాదు.

ఇంకో తప్పు 'ఇచ్చుడు'ల జరుగుతది. మనం 'నాకు', 'నీకు' అని 'కు' తగిలిస్తం. సైగల ఆ పని చెయ్యి నడిచే దిక్కు చేస్తది. మీ ఛాతీ కాడి నుంచి వాని దిక్కు పోతే నేను నీకు ఇస్త అని, వాని నుంచి మీ దిక్కు వస్తే నువ్వు నాకు ఇయ్యి అని. దిక్కు మరిచిపోతే పైసలు ఎవరు ఎవరికియ్యాల్నో తారుమారైతది.

మేనమామ_హన్మకొండ:
చాలా థాంక్స్ అన్నా. మరి ఎక్కడ మొదలు పెట్టాలె? రేపు వాడు చదువుకు అమెరికా పోతే ఇదంతా పనికొస్తదా?

చేతిమాట:
మొదటి పుస్తకం మీ అల్లుడే. వాడు బడిల వాడే సైగలు ఫోన్‌ల వీడియో తియ్యండి. నడుము నుంచి తల మీద జానెడు దాక ఫ్రేంల రావాలె, వెలుగు వాని ముఖం మీద పడాలె, కిటికీ వెనుక ఉండద్దు. మాటలు విడివిడిగ కాకుండ వాక్యాలు చెయ్యమనండి, లేకుంటే ముఖం చేసే పని మీకు దొరకదు. దానితోపాటు ఢిల్లీల ఉన్న ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ డిక్షనరీ చూడండి. 2018ల 3 వేల మాటలతోని మొదలైంది, 2021కి 10 వేలైనయి. వీడియోలు ఉచితం, 'సైన్ లెర్న్' ఆప్‌ల కూడా ఉన్నయి. డిక్షనరీ సైగ ఒక తీరు, వాని సైగ ఇంకో తీరు ఉంటే వానిది తప్పు అనకండి. వాని దోస్తులందరు అదే చేస్తరు. రెండూ నేర్చుకోండి.

వీడియోల పంతులు కుడిచెయ్యి మీకు ఎడమ దిక్కు కనబడతది. అద్దంల చూసినట్టు చేస్తే ఎడమచెయ్యి అలవాటైతది. మీరు రాసే చెయ్యే ముఖ్యమైన చెయ్యి, మాటమాటకు మార్చకండి.

అమెరికా సంగతి: కాలేజీల ఇంటర్‌ప్రెటర్లు అక్కడి సైగలే చేస్తరు, కాబట్టి అప్పుడు అది వేరేగ నేర్వాల్సిందే. 'ఇంటర్నేషనల్ సైన్' అని ఒకటున్నది కానీ అది వేర్వేరు దేశాల బధిరులు సభలల్ల కలిసినప్పుడు వాడేది, దాన్ని నమ్ముకొని చదువు సాగదు. ఒక సైగల భాష గట్టిగ వచ్చినోనికి రెండోది తొందరగ పట్టుబడతది. ఇంట్ల మాట్లాడేటోళ్లు లేక మొదటిదే అరకొరగ ఉన్నోనికే కష్టం. అందుకే ఇప్పుడు మీరందరు వానితో మన సైగలల్ల మాట్లాడుడే ఎక్కువ అవసరం.

కాజీపేట_జంక్షన్:
ఇంకో దేశపు సైగ చూసి కోపం తెచ్చుకోవద్దని కూడ పిలగానికి చెప్పండి. జపాన్ సైగలల్ల 'అన్న' అనాలంటే నడిమి వేలు పైకి లేపుతరు, వాళ్లకు అది ఇంటి మాట.