నడుము దగ్గర తీసిన వెన్నునీరు మెదడు సంగతి చెబుతుందా?

బైరాగిపట్టెడ_పీజీ:
తిరుపతిలో మా సెమినార్లో తేలని వాదన ఇది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరే వెన్నునీరు. నరాల మధ్య కబుర్లు మోసే రసాయనాల్లో సెరటోనిన్ విరిగితే వచ్చే 5-హెచ్‌ఐఏఏ, డోపమైన్ విరిగితే వచ్చే హెచ్‌వీఏ ఆ నీటిలో కొలుస్తాం. అవి మెదడులోంచి దిగినవా, వెన్నుపాములో పుట్టినవా? మెదడువే అంటాను. ఆ నీరు ఎక్కువగా ఊరేది మెదడు గదుల్లోనే కదా.

చిత్తూరు_ల్యాబ్:
శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖిలో తోడిన నీళ్లలో ఉన్నదంతా చంద్రగిరి నుంచే వచ్చిందంటామా తమ్ముడూ? రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు.

హెచ్‌వీఏ వరకూ నీ మాట నిజం. వెన్నుపాములో డోపమైన్ చాలా తక్కువ. మెదడులో డోపమైన్ దండిగా ఉండే కాడేట్ భాగం పక్క గదుల గోడనే ఆనుకుని ఉంటుంది. అందుకే గదుల్లో హెచ్‌వీఏ ఎక్కువ, నడుము దగ్గర తక్కువ. సూది గుచ్చి ట్యూబులు వరసగా పట్టి చూడు, మొదటి దానికన్నా తర్వాతి వాటిలో అంకె పెరుగుతుంది. పై నీరు దిగుతోందన్నమాట. వెన్నుకాలువ మూసుకుపోయినవాళ్లలో అడ్డంకి కింద హెచ్‌వీఏ బాగా పడిపోతుంది.

5-హెచ్‌ఐఏఏ మాత్రం అంతగా పడిపోదు. మెదడు కాండంలో సెరటోనిన్ తయారుచేసే రాఫే కణాల పోగులు వెన్నుపాము పొడవునా దిగి అక్కడే సెరటోనిన్ వదులుతాయి.

బైరాగిపట్టెడ_పీజీ:
మరి 1976లో స్వీడన్‌లో మారీ ఆస్‌బెర్గ్ బృందం చూపిందేమిటన్నా? డిప్రెషన్ పేషెంట్లలో 5-హెచ్‌ఐఏఏ తక్కువున్నవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు ఎక్కువని తేలింది నడుము నీటితోనే. శవపరీక్షల్లో కూడా నడుము నీటి అంకె, మెదడు ముందుభాగం అంకె కలిసి నడిచాయి.

చిత్తూరు_ల్యాబ్:
కలిసి నడవడం వేరు, అక్కణ్నుంచే రావడం వేరు. ఆ సంబంధాన్ని నేను కాదనను. కానీ 5-హెచ్‌ఐఏఏ, హెచ్‌వీఏ రెండూ ఆమ్లాలే, వాటిని నీటిలోంచి రక్తంలోకి తోడేసే ఏర్పాటు కూడా ఉంది. ప్రొబెనిసిడ్ అనే మందు ఇచ్చి దాన్ని ఆపితే రెండూ పెరుగుతాయి. అంటే అంకె తగ్గిందంటే తయారీ తగ్గిందనే అర్థం కాదు.

భవానీనగర్:
మరి నోరడ్రినలిన్ విరిగితే వచ్చేది, అదే ఎంహెచ్‌పీజీ, దాని సంగతి?

చిత్తూరు_ల్యాబ్:
దాన్ని అసలే నమ్మలేం. వెన్నుపాములోనూ పుడుతుంది, రక్తానికీ ఈ నీటికీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది కూడా.

మా దగ్గర పేషెంటు తాలూకు పెద్దాయన ఒకరు రిపోర్టు పట్టుకుని, ‘మావాడి మెదడు పాడైనట్టేనా సార్?’ అని అడిగారు. ఆ ఒక్క అంకెతో అవునని చెప్పే హక్కు మనకు లేదు. వరసగా తీసిన నీటిలో ఎన్నో మిల్లీలీటరులో కొలిచారో రాయని 5-హెచ్‌ఐఏఏ రిపోర్టు మీద నేనైతే సంతకం పెట్టను.