ఊహలో కూడా ఫౌలే పడుతోంది, ఏం చేయాలి?

బీచ్‌రోడ్ కుర్రాడు: నేను లాంగ్‌జంపర్‌ని. ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో ప్రాక్టీసప్పుడు పాదం బోర్డు మీదే పడుతుంది. పోటీ అనగానే బొటనవేలు గీత దాటేస్తుంది. మొన్న మూడుకు మూడూ ఫౌలే. ఎర్ర జెండా లేస్తే మా అమ్మ గెలిచాననుకుని చప్పట్లు కొట్టింది! పడుకునే ముందు జంప్ ఊహించుకోమంటున్నారు. అక్కడా ఎర్ర జెండాయే కనిపిస్తోంది.

పాత జంపర్: తమ్ముడూ, నువ్వు గ్యాలరీలో కూర్చుని నిన్ను చూసుకుంటున్నట్టున్నావు. నీ కళ్లతోనే చూడు. బూట్ల స్పైకులు ట్రాక్‌లో దిగడం, ఉప్పగాలి, చివరి అడుగుకు ముందుది కాస్త పొడవుగా, చివరిది పొట్టిగా పడటం... ఒళ్లంతా తెలియాలి. అసలు పరుగుకు ఎన్ని సెకన్లో ఊహకూ అన్నే, స్టాప్‌వాచ్ పెట్టుకో. జెండా కనిపిస్తే ఆపి, మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టు.

ఈత అక్క: తప్పు జరిగితే ఏం చేయాలో కూడా ఊహించుకో. అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ అలాగే చేసేవాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో గాగుల్స్ నిండా నీళ్లు. స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో గెలిచాడు.

పాత జంపర్: అన్నట్టు, పరుగు మొదలుపెట్టే మార్కు కొలిచావా? టెన్షన్‌లో వేగం పెరిగి అడుగు సాగుతుంది. ఊహ ఆ మార్కును వెనక్కి జరపదు.

బీచ్‌రోడ్ కుర్రాడు: ఇప్పుడే టేపుతో కొలిచానన్నా. జానెడు ముందుకుంది. అమ్మకి చెప్పను.