కార్డుల స్టాక్ దాచి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, బిల్లు లేకుండా ఫిర్యాదు చేయొచ్చా?

తిరుపతిలో ఉంటాం. మా వాడు ఫుట్‌బాల్ ట్రేడింగ్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలుంటాయి, సీల్ ప్యాకెట్లో ఏవి వస్తాయో విప్పేదాకా తెలియదు) సేకరిస్తాడు, ఆల్బమ్‌లో ఇంకా తొమ్మిది ఖాళీలున్నాయి. మూడు వారాలుగా గాంధీ రోడ్డు వైపు ఏ షాపులో అడిగినా "స్టాక్ రాలేదండీ" అనే మాటే. పోయిన శనివారం ఒక షాపులో బల్ల కింద సీల్ విప్పని డబ్బా కళ్లారా చూశాను. పైన ప్లాస్టిక్ కవరు కూడా చిరగలేదు. అడిగితే "అది వేరేవాళ్లది" అన్నాడు. అదే రాత్రి 9 గంటలకు ఆయనే వాట్సాప్‌లో, 50 రూపాయల ఎంఆర్‌పీ ఉన్న ప్యాకెట్ 140కి ఇస్తానన్నాడు. బిల్లు మాత్రం ఇవ్వడట.

పాత విడి కార్డుకు ఎవరి రేటు వాళ్లది, ఒప్పుకుంటాను. కానీ సీల్ ఉన్న ప్యాకెట్‌ను ముద్రించిన ధర దాటి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లోనే ఉంది.

చెన్నైలో తెలిసినవాళ్లతో వెతికించాను, దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు ప్యాకెట్లకు అంచు మళ్లీ అతికించినట్టుంది, లోపల అన్నీ మామూలు కార్డులే. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు చెబుదామనుకుని, బిల్లు లేదని ఆగిపోయాను.

ఆ వాట్సాప్ మెసేజ్, ప్యాకెట్ ఫోటో మాత్రమే పెట్టి తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేస్తే తీసుకుంటారా?