సంపన్నుల మీద పన్ను పెంచితే నిజంగానే దేశం వదిలిపోతారా?

బెజవాడ బ్రదర్

సంపద పన్ను మళ్లీ తేవాలి, వారసత్వ పన్ను పెట్టాలి అనేవాళ్లకి ఒక్కటే ప్రశ్న. 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఇప్పటికే ఆదాయం 5 కోట్లు దాటితే పాత విధానంలో సర్‌చార్జీ, సెస్సు కలిపి 42.74 శాతం. ఇంకా పిండితే ఉన్నవాడు విమానం ఎక్కేస్తాడు, ఆ భారం మళ్లీ జీతగాడి నెత్తినే పడుతుంది.

నార్వేలో అదే జరిగింది. 2022లో సంపద పన్ను గరిష్ఠ రేటు 1.1 శాతానికి పెంచారు. అదే ఏడాది అక్కడి అతిపెద్ద కోటీశ్వరుల్లో ఒకడైన రొక్కే స్విట్జర్లాండ్‌లోని లుగానోకి మకాం మార్చేశాడు. బ్రిటన్ 2025 ఏప్రిల్‌లో నాన్-డామ్ వెసులుబాటు (శాశ్వత నివాసం వేరే దేశమని చూపించేవాళ్ల విదేశీ ఆదాయానికి పన్ను మినహాయింపు) ఎత్తేసింది, అక్కడా ఇదే గోల. ఇవన్నీ కాకతాళీయమేనా?

వూస్టర్ వాసి

బ్రదర్, మీరు చెప్పిన ఆ లక్షల్లో నాలాంటివాళ్లే ఎక్కువ. హెచ్1బీ, గ్రీన్‌కార్డు, తర్వాత సిటిజన్‌షిప్. మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి ఇక్కడ ప్రమాణం చేసిన రోజే అక్కడి పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. పన్ను తప్పించుకోవడానికి అమెరికా పౌరుడు అయ్యేవాడు ఉంటే వాడికో దండం. ఈ దేశం తన పౌరుడు చంద్రమండలంలో ఉన్నా రిటర్ను అడుగుతుంది. ఇండియాలో పన్నుకి ముఖ్యంగా చూసేది ఏడాదిలో ఎన్ని రోజులు ఉన్నావన్నది, పాస్‌పోర్టు రంగు కాదు. కాబట్టి ఆ అంకె ఈ వాదనకి పనికిరాదు.

మా మసాచుసెట్స్ సంగతి చెప్తా. 2022 నవంబరులో ఓటింగు పెట్టి, 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద అదనంగా 4 శాతం వేశారు. మామూలు 5తో కలిపి 9. "అందరూ న్యూహాంప్‌షైర్ పోతారు" అని టీవీలో ఒకటే ప్రకటనలు. న్యూహాంప్‌షైర్ మాకు కారులో గంట దూరం, జీతం మీద రాష్ట్ర పన్నే లేదు. తీరా చూస్తే 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ 4 శాతం మీద వచ్చింది 200 కోట్ల డాలర్ల పైనే. బడ్జెట్లో వాళ్లు లెక్కేసుకున్నది 100 కోట్లు. బడిలో పిల్లలందరికీ ఉచిత భోజనానికి, కమ్యూనిటీ కాలేజీ ఫీజులకి ఆ డబ్బే వాడుతున్నారు. నా క్లయింట్లలో డాక్టర్లున్నారు. వాళ్ల ప్రాక్టీసు ఇక్కడ, పిల్లల స్కూలు ఇక్కడ, గుడి ఇక్కడ. తిట్టుకుంటూనే కడుతున్నారు.

గణాంకం

దీని మీద అమెరికాలో పెద్ద పరిశోధనే ఉంది. 2016లో క్రిస్టోబల్ యంగ్ బృందం మిలియనీర్ల పన్ను రిటర్నులన్నీ తిరగేసింది. ఏడాదికి రాష్ట్రం మారేవాళ్లు వాళ్లలో 2.4 శాతం, మొత్తం జనాభాలో 2.9 శాతం. ఊళ్లు మారేది ఎక్కువగా ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లు. డబ్బున్నవాడికి వ్యాపారం, పరిచయాలు, పలుకుబడి అన్నీ ఒకే చోట పాతుకుపోయి ఉంటాయి.

కానీ వూస్టర్ గారూ, రెండో వైపు కూడా చూడండి. కాలిఫోర్నియా 2012లో గరిష్ఠ రేటు 13.3 శాతానికి పెంచినప్పుడు రావ్, ష్యూ అనే ఇద్దరు లెక్కగట్టారు. పెద్ద ఆదాయాల వాళ్ల వలస కొంచెం పెరిగింది. అంతకన్నా పెద్ద దెబ్బ కదలకుండా ఉన్నవాళ్ల నుంచే తగిలింది. ఇంట్లో కూర్చునే ఆదాయం తక్కువ చూపించారు. చర్చంతా విమానాశ్రయం చుట్టూ తిరుగుతుంటే, పన్ను మాత్రం ఆడిటర్ ఆఫీసులో కారిపోతోందన్నమాట.

కరామా చాయ్

దుబాయ్ నుంచి. ఇక్కడికి నేను వచ్చింది వ్యాపారానికి, పన్ను కోసం కాదు. అయినా ఉన్నమాట చెప్పాలి, గత నాలుగైదేళ్లలో వచ్చిన హైదరాబాద్ బ్యాచ్ వేరు. 20 లక్షల దిర్హాముల ఫ్లాటు, గోల్డెన్ వీసా, మన దేశంలో ఉండే రోజుల లెక్కకి ఒక యాప్. పెళ్లికి వెళ్లినా తిరుగు టికెట్ ముందే కొనేస్తారు, 120 రోజులు దాటితే చిక్కని. 2020లో మనవాళ్లు ఆ నిబంధన తెచ్చారు: ఇండియాలో 15 లక్షల పైన ఆదాయం ఉన్న ఎన్నారై 182 రోజులు కాదు, 120 రోజుల దాకానే నిశ్చింతగా ఉండగలడు. వాళ్లని చూస్తే జాలేస్తుంది సార్. తల్లికి ఆపరేషన్ అయినా ముందు క్యాలెండర్ చూస్తారు.

బ్రదర్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. వెళ్లేవాళ్లు ఉన్నారు. కాకపోతే వాళ్లు షేర్లు, స్టార్టప్ వాటాల మనుషులు. నిన్న కంపెనీ అమ్మినవాడు, రేపు అమ్మబోయేవాడు. కోకాపేటలో భూమి ఉన్నవాడు ఒక్కడూ రాలేదు.

పాత ఆడిటర్

కరామా గారు అసలు పాయింటు పట్టుకున్నారు. సంపద పన్ను రిటర్నులు నా చేత్తో వేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

1957లో బ్రిటిష్ ఆర్థికవేత్త కాల్డర్ సలహాతో తెచ్చిన చట్టం, 2015 బడ్జెట్లో జైట్లీ రద్దు చేశారు. చివరి రోజుల్లో 30 లక్షలు దాటిన దాని మీద 1 శాతం. దేని మీద? నగరంలో ఖాళీ స్థలం, రెండో ఇల్లు, కారు, నగలు, చేతిలో 50,000 దాటిన నగదు. షేర్లు, ఫండ్లు, డిపాజిట్లు 1993 నుంచే లేవు. వందల కోట్ల షేర్లున్న ప్రమోటరు సున్నా రిటర్ను వేసేవాడు. మామ్మగారి వడ్డాణం, కాసులపేరు మాత్రం మార్చి 31 నాటి ధరకి రిజిస్టర్డ్ వాల్యుయర్ తూకం వేసి రాసేవాడు. ఆవిడ పక్కనే నిలబడి "తరుగు తీసేశావా నాయనా" అని అడిగేది. ఇంత తతంగం చేస్తే 2013-14లో దేశమంతా కలిపి వచ్చింది 1,008 కోట్లు. దాని బదులు కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం సర్‌చార్జీ పెంచితే 9,000 కోట్లు వస్తాయని అదే బడ్జెట్లో చెప్పారు. ఆ పన్ను చచ్చింది జనం పారిపోయి కాదు, సగం సంపదని చట్టమే వదిలేసి.

1973-74లో ఆదాయపన్ను గరిష్ఠ రేటు 97.75 శాతం. అప్పుడూ జనం పారిపోలేదు, లెక్కల్లోంచి మాయమయ్యారు. 1985లో ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను, తీసేసినప్పుడు దాని రాబడి 20 కోట్లు. ఇవి చూసి భయపడాల్సింది దొంగ లెక్కలకి, ఎమిరేట్స్ ఫ్లైటుకి కాదు.

బెజవాడ బ్రదర్

సార్, మీ మాటే తీసుకుందాం. షేర్లు వదిలేశారు కాబట్టి పన్ను చచ్చింది అన్నారు. రేపు షేర్లు కలిపితే వాటితోనే కదా మనుషులు వెళ్లేది? కరామా గారు చెప్పింది కూడా అదే. అప్పుడు నా వాదన నిలబడినట్టే.

వూస్టర్ వాసి

నార్వే ఏం చేసిందో అది కూడా చెప్పండి మరి. అంతకుముందు దేశం వదిలి ఐదేళ్లు బయట ఉంటే, అప్పటిదాకా పెరిగిన షేర్ల లాభం మీద పన్ను మాఫీ. 2022 చివర్లో ఆ సందు మూసేశారు, 2024లో 12 ఏళ్ల గడువు పెట్టారు. వెళ్లు బాబూ, కానీ ఇక్కడ పెరిగినదానికి కట్టి వెళ్లు అని. 2025 సెప్టెంబరు ఎన్నికల్లో సంపద పన్నే పెద్ద గొడవ, అయినా దాన్ని ఉంచుతామన్న లేబర్ పార్టీయే గెలిచింది.

పాత ఆడిటర్

బ్రదర్, షేర్ల దగ్గర మీ భయం సబబే, కాదనను. ఇండియాలో అలాంటి నిష్క్రమణ పన్ను లేదు. వెళ్లేటప్పుడు ఆపేది ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలే, బయటికి పంపే డబ్బుకి పరిమితి ఉంది: నివాసికి ఏడాదికి 2,50,000 డాలర్లు, ఎన్నారై అయ్యాక ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి 10 లక్షల డాలర్లు, దానికీ సీఏ సర్టిఫికెట్టు. వందల కోట్లున్నవాడికి ఈ లెక్కన తరాలు పడుతుంది. అందుకే మనిషి దుబాయ్‌లో, ఆస్తి ఇక్కడ అన్న కేసులే నా దగ్గరికి వచ్చేవి.

ఇక మన దగ్గర సంపదంటే చాలావరకు భూమే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ఎకరం లుగానో వెళ్లదు. యజమాని వెళ్లినా అమ్మిన రోజు టీడీఎస్ ఇక్కడే కట్ అవుతుంది. మొదలుపెట్టేవాళ్లు అక్కడ మొదలుపెట్టాలి. షేర్ల సంగతి నిష్క్రమణ పన్ను పెట్టాకే.

కరామా చాయ్

భూమి అంటే ఏ పార్టీ ముట్టుకుంటుంది సార్? 2024 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ నేత పిట్రోడా అమెరికా వారసత్వ పన్ను మాట ఎత్తితే సొంత పార్టీయే అది ఆయన సొంత అభిప్రాయం అని పక్కకి జరిగింది. ఆ నియోపోలిస్ చుట్టుపక్కల ఎవరెవరికి ఎకరాలున్నాయో ఇక్కడ రాస్తే అడ్మిన్ ఈ చర్చ మూసేస్తాడు.