చర్చ: డెస్క్‌టాప్‌లో ఉండుండి చిటపట. బయటి డీఏసీ (డిజిటల్ సౌండ్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె) కొంటే తీరుతుందా?

చిటపట:
కేసు ఇది. పాట బాగానే వస్తూ ఉన్నట్టుండి రెండు మూడు సెకన్లు చిటపటమంటుంది, మళ్లీ మామూలే. గంటకు నాలుగైదు సార్లు. విండోస్ 11, బోర్డు మీది రియల్‌టెక్ ఆడియో, వెనక జాక్‌కి 2.1 స్పీకర్లు, నెట్ వైఫై మీద. అవే స్పీకర్లు ఫోన్‌కి పెడితే శుభ్రంగా ఉన్నాయి. దీనికి ఎక్కడ అడిగినా ఒకటే జవాబు: "బోర్డు సౌండ్ అంతే, యూఎస్‌బీ డీఏసీ కొనెయ్". ఈ సలహాలో పస ఉందా, డబ్బు దండగా? కారణం కూడా చెప్పండి.

బయటిపెట్టె:
కొనెయ్యడమే సరి. బోర్డు మీది ఆడియో చిప్‌కి పక్కనే గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే కాయిళ్లు, పైన ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె). మిల్లీవోల్టుల అనలాగ్ సిగ్నల్ ఆ సంతలో నడవాలి. ముందు ప్యానెల్ జాక్ అయితే మరీ ఘోరం: క్యాబినెట్ ఒక మూల నుంచి ఇంకో మూలకి సన్నటి వైరు, అదీ గ్రాఫిక్స్ కార్డు కింద నుంచి. డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పనిని క్యాబినెట్ బయటికి తెచ్చేస్తే ఈ గోల ఉండదు. వెయ్యి రూపాయల లోపు చిన్న డాంగిల్ వస్తుంది. దాని కోసం మూడు రాత్రులు డ్రైవర్లు గెలకడం దేనికి?

బఫర్‌ఖాళీ:
మీరు చెప్పిన రోగం నిజమే గానీ అది ఈ రోగికి లేదు. గ్రాఫిక్స్ కార్డు నుంచి వచ్చే నాయిస్ పాట ఆపినా ఉంటుంది. మౌస్ స్క్రోల్ చేస్తే సన్నగా కీచుమంటుంది, గేమ్ పెడితే సుతి మారుతుంది. ఇక్కడ పాట మధ్యలో వచ్చి పోతోంది. అది నాయిస్ కాదు, శబ్దం తెగిపోవడం.

ఎందుకు తెగుతుందంటే: విండోస్ ఆడియో ఇంజిన్ మామూలుగా 10 మిల్లీసెకన్లకోసారి లేచి తర్వాతి ముక్క నింపుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 480 శాంపిళ్లు. ఆ సమయానికి అదే కోర్ మీద ఏదో డ్రైవర్ తన డీపీసీ (మామూలు థ్రెడ్లని ఆపి ముందు నడిచే అర్జంటు పని) పెట్టుకుని కూర్చుంటే, ఆ పని అయ్యేదాకా ఆ కోర్‌లో మామూలు థ్రెడ్ ఏదీ కదలదు. బఫర్, అంటే వినిపించాల్సిన ముక్కలు ముందే నింపి ఉంచే చోటు, ఖాళీ అవుతుంది, చిట్‌మంటుంది. అందుకే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 5 శాతమే ఉన్నా సౌండ్ తెగుతుంది. డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకి మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క. చెడ్డ వైఫై డ్రైవర్ వేలల్లోకి పోతుంది.

ఇప్పుడు డీఏసీ పెట్టారనుకోండి. అదే ఇంజిన్, అదే డీపీసీ, మీదుగా యూఎస్‌బీ డ్రైవర్ ఒకటి అదనం. యూఎస్‌బీలో ఆడియో వెళ్లే పద్ధతిలో పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపడం అనేదే లేదు. పోతే పోయినట్టే.

బయటిపెట్టె:
అలా అయితే డీఏసీ పెట్టగానే చిటపట పోయిన కేసులు అన్ని ఎందుకున్నాయి? రియల్‌టెక్ డ్రైవరూ, దానితో వచ్చే "ఎన్‌హాన్స్‌మెంట్" పొరలూ పక్కకి తప్పుకుంటాయి కాబట్టి. మామూలు డాంగిల్ విండోస్ సొంత యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌తోనే నడుస్తుంది.

బఫర్‌ఖాళీ:
ఆ పని డబ్బు పెట్టకుండానే అవుతుంది. డివైస్ మేనేజర్‌లో సౌండ్ విభాగం, రియల్‌టెక్ మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, కంప్యూటర్‌లో వెతుకుతాను అనే రెండో దారి, ఉన్న జాబితా నుంచి ఎంచుకుంటాను, అక్కడ "హై డెఫినిషన్ ఆడియో డివైస్". అది మైక్రోసాఫ్ట్ సాదా డ్రైవర్. రీస్టార్ట్ చేసి ఓ గంట వినండి. చిటపట పోతే దోషం రియల్‌టెక్ డ్రైవర్‌దే, చిప్‌ది కాదు. కొన్ని కొత్త బోర్డుల మీద ఏఎల్‌సీ4080 చిప్ ఉంటుంది. అది లోపలే యూఎస్‌బీకి కట్టి ఉంటుంది కాబట్టి ఆ జాబితాలో ఈ పేరు బదులు యూఎస్‌బీ ఆడియో అని కనిపిస్తుంది.

పోకపోతే లేటెన్సీమాన్, ఏ డ్రైవర్ ఎంతసేపు ఆపుతోందో కొలిచే ప్రోగ్రామ్. పెట్టి వెంటనే ఆపెయ్యకండి. చిటపట వచ్చే పరిస్థితిలోనే, అంటే పాట, డౌన్‌లోడ్, బ్రౌజర్ అన్నీ నడుస్తుండగా 15 నిమిషాలు వదలండి. తర్వాత డ్రైవర్స్ ట్యాబ్‌లో అత్యధిక సమయం కాలమ్ ప్రకారం పేర్చండి. పైన ఎన్‌డీఐఎస్ ఉంటే నెట్‌వర్క్. ఎన్‌వీ అని మొదలయ్యే పొడుగాటి పేరుంటే ఎన్‌విడియా డ్రైవర్. స్టోర్‌పోర్ట్ అయితే డిస్క్. ఏసీపీఐ పైన కనిపిస్తే బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్), పవర్ సెట్టింగుల వైపు చూడాలి. పాత డీపీసీ లేటెన్సీ చెకర్ మాత్రం వాడొద్దు, విండోస్ 8 నుంచి దాని లెక్క తప్పు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: పేరు కనిపించగానే డ్రైవర్ అప్‌డేట్ చేస్తారు. ముందు నేరం రుజువు కావాలి. అనుమానం వైఫై మీదైతే డివైస్ మేనేజర్‌లో దాన్ని డిసేబుల్ చేసి, హార్డ్ డిస్క్‌లో ఉన్న పాట పెట్టి ఓ గంట వినండి. గంటకు నాలుగైదు సార్లు వచ్చేది ఒక్కసారీ రాకపోతే అప్పుడు డ్రైవర్ మార్చండి, లేదా లాన్ కేబుల్ లాగండి.

తరంగం:
ఇద్దరూ ఊహ మీద కొట్టుకుంటున్నారు, బొమ్మ చూస్తే తేలిపోతుంది. ఇంకో కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి ఈ పీసీ జాక్ అవుట్‌పుట్ రికార్డ్ చేసి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో తెరవండి. పాట కాకుండా 440 హెర్ట్జ్ టోన్ పెట్టండి, చెడింది కంటికే కనిపిస్తుంది. చిట్‌మన్న చోట బాగా జూమ్ చెయ్యండి. అల నున్నగా సాగుతూ ఒక్కసారి నిట్టనిలువుగా తెగి, కాసేపు గీత గీసినట్టు చదునుగా ఉండి, మళ్లీ నిలువుగా లేస్తే బఫర్ ఖాళీ. కొలిస్తే ఆ చదును దాదాపు 10 మిల్లీసెకన్లో, దానికి రెట్లో ఉంటుంది. అల తెగకుండా దాని మీద ముళ్లు ముళ్లుగా ఉంటే జాక్ వదులో, వైరో. అల అంచంతా నూగు పట్టినట్టుంటే అప్పుడు బయటిపెట్టె గారు చెప్పిన నాయిస్.

ఆడాసిటీలో లూప్‌బ్యాక్ రికార్డింగ్ (పీసీ తన సౌండ్ తనే రికార్డ్ చేసుకోవడం) ఉంది కదా అని దానితో సరిపెట్టుకోవద్దు. అది ఇంజిన్ దగ్గరే పట్టేస్తుంది. డ్రైవర్ దగ్గర తెగింది అందులో పడకపోవచ్చు. లూప్‌బ్యాక్‌లో చిటపట ఉంటే దోషం సాఫ్ట్‌వేర్‌దని గట్టిగా చెప్పొచ్చు. లేకపోతే ఏమీ చెప్పలేం.

చిటపట:
ఇది మంచి మాట. ఇంకోటి: చిటపట వచ్చినప్పుడు కొన్నిసార్లు మౌస్ కూడా అర సెకను బిగుసుకుంటోంది. ప్రాసెసర్ ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్.

బఫర్‌ఖాళీ:
అది మొదటే చెప్పాల్సిన సంగతి! సౌండూ మౌసూ కలిసి ఆగితే ముందు బయోస్ తేదీ చూడండి. ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్ అనే భద్రతా భాగం) వల్ల సిస్టమ్ ఉండుండి తడబడుతుందని 2022 మార్చిలో ఏఎమ్‌డీయే ఒప్పుకుంది. ప్రాసెసర్‌లోని టీపీఎమ్ బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు ఆ పని సాగిపోయి మిగతావన్నీ ఆగుతాయి. దిద్దుబాటు ఏజీసా (బయోస్‌లో ఏఎమ్‌డీ ఇచ్చే భాగం) 1.2.0.7తో వచ్చింది, బోర్డు కంపెనీల బయోస్‌లలోకి 2022 మే నుంచి చేరింది. అంతకన్నా పాత బయోస్ ఉంటే లేటెన్సీమాన్ కన్నా ముందు ఇదే చెయ్యండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఆన్‌లో ఉంటే మాత్రం ముందు సస్పెండ్ చేసి, రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోండి. లేకపోతే బయోస్ మార్చాక తెర మీద 48 అంకెలు అడుగుతుంది.

డీఏసీ వర్గానికి ఇంకో మాట. 2021లో 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో యూఎస్‌బీయే ఉండుండి తెగిపోయేది. ఏఎమ్‌డీ ఫిబ్రవరిలో ఒప్పుకుని ఏజీసా 1.2.0.2తో దిద్దింది. పాత బయోస్ ఉన్న అలాంటి బోర్డుకి డీఏసీ తగిలిస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

గాలిపాట:
వైరు లేని హెడ్‌సెట్ వాళ్లు ఈ చర్చ చూసి తికమక పడొద్దు. బ్లూటూత్‌లో పాట బాగుండి, కాల్ ఎత్తగానే పాత రేడియోలా అయితే అది మైక్ ఆన్ అవడం వల్ల ప్రొఫైల్ (సౌండ్ పంపే పద్ధతి) మారడం. మైక్ వేరేది పెట్టుకుంటే సరి. తెగి తెగి వస్తుంటే బ్లూటూత్ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టుల పక్క నుంచి తీసి, మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే రాసింది.

ఎర్త్‌పిన్:
అందరూ క్యాబినెట్ లోపలే చూస్తున్నారు. ఈ కేసుది కాకపోవచ్చు గానీ, మన ఇళ్లలో సగం "సౌండ్ బాగాలేదు" గొడవలు గోడలోంచే వస్తాయి. క్యాబినెట్ స్క్రూ మీద టెస్టర్ పెట్టి చూడండి. వెలిగితే, లేదా కాలు నేల మీద ఉండగా ముట్టుకుంటే జివ్వుమంటే, ఆ సాకెట్‌కి ఎర్త్ లేదు. ఎర్త్ లేనప్పుడు ఎస్ఎంపీఎస్ ముందున్న ఫిల్టర్ కెపాసిటర్లు క్యాబినెట్‌ని సుమారు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి, 230లో సగం. కరెంటు స్వల్పమే, కానీ ఆడియో కేబుల్ షీల్డ్‌లోకి అదే పాకుతుంది. మల్టీమీటర్‌తో ఫేజ్–ఎర్త్ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్త్ బాగుండీ జుమ్మని రొద వస్తే ఎర్త్ రెండు దారుల్లో కలుస్తోంది. పీసీ ఒక సాకెట్‌లో, యాంప్లిఫయర్ ఇంకో గదిలోంచి లాగిన బాక్స్‌లో, దానికి టీవీ, టీవీకి కేబుల్ వైరు. ఆ కేబుల్ వైరు పీకి చూడండి, తర్వాత మానిటర్ హెచ్‌డీఎమ్‌ఐ పీకి చూడండి. ఏది పీకితే రొద ఆగిందో దారి అదే. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తెస్తే చాలాసార్లు తీరుతుంది. ఎర్త్ పిన్ మాత్రం విరగ్గొట్టకండి, ప్రాణం మీదికి వస్తుంది.

బయటిపెట్టె:
మరి ఈ రొదకైనా డీఏసీ పనికొస్తుందా?

ఎర్త్‌పిన్:
యూఎస్‌బీది పనికిరాదు, యూఎస్‌బీ వైరులోనూ ఎర్త్ వస్తుంది. జాక్ మధ్యలో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ పనిచేస్తుంది, చవక రకమైతే బేస్ తగ్గుతుంది. అసలు మందు బోర్డు వెనక ఎర్రగా వెలిగే ఆప్టికల్ పోర్టు. వెలుతురుకి ఎర్త్ ఉండదు కదా. 2.1 స్పీకర్లకి ఆ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో ఆప్టికల్ నుంచి అనలాగ్‌కి మార్చే చిన్న పెట్టె కావాలి.

బయటిపెట్టె:
తిరిగి తిరిగి డీఏసీయే కొనమన్నారు!

ఎర్త్‌పిన్:
రొదకి కొనమన్నా, చిటపటకి కాదు. చిటపటకి ముందు బయోస్, ఆపైన వైఫై. ఆ పెట్టె కొంటే కొత్త ఆప్టికల్ కేబుల్ రెండు కొసలకీ ప్లాస్టిక్ టోపీలుంటాయి, అవి తీసి పెట్టండి. తియ్యకుండా పెట్టి సౌండే రావట్లేదని ఇంకో చర్చ మొదలెట్టకండి.