పబ్‌లో "బ్లాక్ అండ్ టాన్" అడిగాను, అంతా నిశ్శబ్దమైపోయింది. నేనేం తప్పు మాట్లాడాను?

ప్రశ్న | లిఫీ ఒడ్డున

డబ్లిన్ వచ్చి నాలుగు నెలలైంది, మాస్టర్స్ చేస్తున్నాను. శనివారం క్లాస్‌మేట్స్‌తో పబ్‌కి వెళ్లాను. ఇండియాలో ఉన్నప్పుడు ఏదో మెనూలో చూసిన పేరు గుర్తొచ్చి "ఒక బ్లాక్ అండ్ టాన్ ఇవ్వండి" అన్నాను. కౌంటర్ వెనకాల గ్లాసు తుడుస్తున్న పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. కోప్పడలేదు, "ఇక్కడ ఆ పేరు వాడం, హాఫ్ అండ్ హాఫ్ అని అడుగు" అన్నాడంతే. పక్క స్టూల్ మీది ముసలాయన మాత్రం నావైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. నాకు చెమటలు పట్టేశాయి. రెండు బీర్లు కలిపిన గ్లాసు పేరులో అంత ఏముంది? ఇలాంటివి ఇంకా ఉంటే చెప్పండి, తెలియక మళ్లీ ఎవరినీ నొప్పించాలని లేదు.

జవాబు | కార్క్‌లో పదేళ్లు

తమ్ముడూ, తెలియక అన్నావని వాళ్లకూ అర్థమై ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడకు. కానీ ఆ పేరు వెనక కథ మాత్రం తెలుసుకోవాల్సిందే.

ఐర్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజుల్లో, 1920లో, అక్కడి పోలీసు దళానికి మనుషులు చాలక బ్రిటన్ నుంచి కొత్తవాళ్లను తెచ్చారు. ఎక్కువమంది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన సైనికులు, రోజుకు పది షిల్లింగుల జీతం. అందరికీ సరిపడా యూనిఫాం లేక సైన్యం ఖాకీ ప్యాంటు, పోలీసుల ముదురు రంగు కోటు కలిపి తొడిగేశారు. లిమరిక్ వైపు వేటకుక్కల గుంపు ఒకటి ఉండేది, ఆ కుక్కల రంగును బట్టి వాటిని బ్లాక్ అండ్ టాన్స్ అనేవారు. ఆ పేరే వీళ్లకీ అంటుకుంది. 1920 సెప్టెంబర్ 20 రాత్రి డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న బాల్‌బ్రిగన్ అనే చిన్న ఊళ్లోకి వచ్చి 50కి పైగా ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు, ఊరికి కూడుపెట్టే మేజోళ్ల ఫ్యాక్టరీని కూడా వదల్లేదు, స్థానికులు ఇద్దరిని చంపారు. మా కార్క్ నగరం నడిబొడ్డు డిసెంబర్‌లో కాలిపోయింది, అది ముఖ్యంగా ఆక్సిలరీలు అనే ఇంకో దళం పని. కానీ ఇక్కడ చాలామంది ఇళ్లలో రెండింటినీ కలిపి "టాన్స్" అనే చెప్పుకుంటారు.

ఇంకో సంగతి, ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఐర్లాండ్‌లో బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాల వార్తలు విని, 1920 జూన్‌లో మన జలంధర్‌లో ఉన్న కనాట్ రేంజర్స్ అనే, బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ పటాలంలో చాలామంది ఆయుధాలు కింద పెట్టేశారు. అది సోలన్‌కీ పాకింది. వాళ్లలో జేమ్స్ డేలీ అనే కుర్రాడిని ఆ ఏడాది నవంబర్ 2న డగ్‌షాయి జైల్లో కాల్చి చంపారు. ఆయన అవశేషాలను 1970లో గానీ స్వదేశానికి తీసుకురాలేదు.

జవాబు | పాత పుస్తకాల పిచ్చి

ఒక సవరణ అండీ. ఈ బీరుకు ఆ దళం వల్ల పేరు రాలేదు. 19వ శతాబ్దం చివరికే ఆ డ్రింక్ పేరు అచ్చులో ఉంది. గ్లాసులో సగం దాకా ఏల్ అనే లేత రంగు బీరు పోసి, చెంచా బోర్లించి దాని వీపు మీదుగా స్టౌట్ అనే నల్ల బీరును నెమ్మదిగా జారవిడుస్తారు. స్టౌట్ తేలిక కాబట్టి పైన నల్లగా నిలబడుతుంది, కింద గోధుమ రంగు. పేరు అక్కడిది, రంగుల నుంచి పుట్టింది. కాబట్టి ఆ పేరు అనడమే తప్పంటే నేను ఒప్పుకోను.

జవాబు | కార్క్‌లో పదేళ్లు

మీరు చెప్పింది నిజమే, బీరే ముందు. కానీ ఇల్లు కాలినవాడి మనవడికి ఏది ముందు పుట్టిందన్నది కాదు కదా ముఖ్యం, ఆ మాట వింటే ఏం గుర్తొస్తుందన్నదే. 2012లో నైకీ ఒక బూటు ఈ పేరుతో, అదీ సెయింట్ పాట్రిక్స్ డే సమయానికి తెచ్చి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అంతకుముందు 2006లో బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీమ్‌కీ ఇదే అయింది. ఇద్దరికీ డ్రింక్ పేరే తెలుసు, మిగతాది తెలియదు.

జవాబు | మ్యూనిక్ ట్రామ్

మా దగ్గర దీనికి తిరగేసిన కథ. గోధుమ బీరు, నిమ్మ సోడా సగం సగం కలిపితే జర్మనీలోని మా బవేరియాలో దాన్ని "రుస్" అంటారు, అంటే రష్యావాడు. 1918 నవంబర్ 7న సోషలిస్టు నాయకుడు కుర్ట్ ఐస్నర్ మనుషులు బవేరియా రాజును దించినప్పుడు మథేజర్ అనే పెద్ద బీరు హాలే వాళ్ల అడ్డా, కార్మికుల, సైనికుల మండలి అక్కడే ఏర్పడింది. రష్యా విప్లవం గాలి సోకినవాళ్లని వాళ్లను రష్యన్లు అనేవారట. రాత్రంతా మీటింగులు, బీరు చాలక, మత్తెక్కకుండానూ సోడా కలుపుకున్నారని ఇక్కడ చెప్పుకునే కథ. కథ ఎలా ఉన్నా హాలు, విప్లవం నిజం. ఐస్నర్‌ని మూడు నెలలకే నడివీధిలో కాల్చేశారు. మథేజర్ ఉన్నచోట ఇప్పుడు సినిమా హాళ్లున్నాయి, నేను ప్రతి శుక్రవారం అటే వెళ్తాను. ఇక్కడ రుస్ అంటే ఎవరూ మొహం తిప్పుకోరు, ఓడిపోయినవాళ్ల గుర్తుగా ఆ గ్లాసొక్కటే మిగిలింది.

జవాబు | బెల్‌ఫాస్ట్ నర్సు

బాబూ, అసలు జాగ్రత్త పడాల్సింది "ఐరిష్ కార్ బాంబ్" దగ్గర. విస్కీ, క్రీమ్ లిక్కర్ ఉన్న చిన్న గ్లాసును స్టౌట్‌లో పడేసి తాగేది. 1979లో అమెరికాలో పుట్టింది, అప్పటికి ఇక్కడ నిజం కార్ బాంబులు పేలుతూనే ఉన్నాయి. 1974 మే 17న డబ్లిన్, మోనహన్‌లలో ఒక్కరోజే 33 మంది పోయారు. అందులో ఒకే ఇంట్లో నలుగురు, తల్లి, తండ్రి, రెండేళ్లు కూడా నిండని ఇద్దరు ఆడపిల్లలు. మా వార్డులో ఆ కాలం చూసిన పేషెంట్లు ఇప్పటికీ తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతారు. ఆ పేరు మాత్రం ఎక్కడా అనకు నాన్నా.

జవాబు | లిఫీ ఒడ్డున

అందరికీ థాంక్స్. నిన్న టాల్బట్ స్ట్రీట్‌లో ఆగాను. కానలీ స్టేషన్‌కి రోజూ నడిచే దారే, 1974 బాంబుల్లో పోయినవాళ్ల కోసం అక్కడున్న రాతి స్మారకాన్ని ఇన్నాళ్లూ చూడకుండా దాటిపోయాను. పేర్లన్నీ చదివాను అక్కా, ఒకే ఇంటిపేరు నాలుగుసార్లు ఉంది.

శనివారం మళ్లీ అదే పబ్‌కి వెళ్తున్నాను. ఆ పెద్దాయనకు జలంధర్ సంగతి చెప్పాలని ఉంది. ఆయనకు ముందే తెలిసి ఉండొచ్చు, అయినా చెప్తాను.