మంచి తెలుగు నవలలు రావడం లేదా, మన దాకా చేరడం లేదా?

నల్లకుంట పాఠకురాలు:
ఎక్కడ మంచి నవల చెప్పమన్నా ‘చివరకు మిగిలేది’, ‘అల్పజీవి’ అంటూ అవే నాలుగైదు పేర్లు చెబుతారు. గొప్ప నవలలే, కాదనను. అవి చదివేసినవాళ్లం ఏం చదవాలి? రాసేవాళ్లు లేక కాదు, రాసింది మన ఇంటికొచ్చే దారి పోయింది. డాక్టర్ పి. శ్రీదేవి రాసింది ఒక్కటే నవల, ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైంది. పత్రిక తెప్పించుకునే ఇళ్లకు అది దానంతటదే వెళ్లింది. కరోనా వచ్చాక ‘నవ్య’, ‘ఆంధ్రభూమి’ వీక్లీలూ ఆగిపోయాయి.

అబిడ్స్ ఆదివారం:
మేడం, వీక్లీలు ఎక్కువగా అమ్ముడుపోయే పేర్లకే చోటిచ్చాయి. అద్దె పుస్తకాల షాపుల్లోనూ వాళ్లే ఉండేవాళ్లు. ఇప్పుడు రచయితే ఫేస్‌బుక్‌లో పెడితే మూడు రోజుల్లో పుస్తకం ఇంటికొస్తోంది. లోపం మనలోనే ఉంది. బుక్ ఫెయిర్‌లో కొత్త రచయిత తన స్టాల్లో ఒక్కడే కూర్చుని ఉంటాడు, మనం ఆగం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను పేరు చూడను. మధ్యలో ఎక్కడో తెరిచి నాలుగు పేజీలు చదువుతాను. భాషలో ప్రాణం ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

నల్లకుంట పాఠకురాలు:
ఆ పోస్టు చేరేది ఎక్కువగా ఆయన మిత్రులకే కదండీ. వాళ్లు మెచ్చుకుంటారు, తప్పు చెప్పరు. అవార్డు వచ్చినా అంతే. అనంతపురం ప్రాంతపు 18వ శతాబ్దాన్ని కళ్లకు కట్టిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మా ఆఫీసులో నవలలు చదివేవాళ్లలో ఒక్కరికీ ఆ పేరు తెలియదు.

చిక్కడపల్లి లైబ్రరీ:
లైబ్రరీ మాట ఎవరూ ఎత్తరేం? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే గ్రూప్స్‌కి చదివే పిల్లలే కనిపిస్తారు. వాళ్లను ఒక్క మాటా అనను, ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకు ఆ కుర్చీ ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఆ డబ్బులో కొంత కొత్త నవలలకూ వెళ్లాలి. ఏటా వచ్చిన నవలలు కొని తలుపు దగ్గరే బల్ల మీద పెడితే ఎవరో ఒకరు చేతిలోకి తీసుకుంటారు.

అబిడ్స్ ఆదివారం:
ప్రభుత్వం కొనేదాకా ఆగుదామా? వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకెళ్లి అమ్మారు. అదీ నిజాం పాలనలో.

చిక్కడపల్లి లైబ్రరీ:
ఆయన మోశారంటే అప్పుడు వేరే దిక్కులేక, అన్నా. పన్ను కట్టి కూడా మనమే మోయాలా? నేను ఒప్పుకోను.

నల్లకుంట పాఠకురాలు:
లైబ్రరీకి అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. ఈలోపు ఇక్కడ రాసేవాళ్లు ఈ పదేళ్లలో వచ్చిన నవల ఒకటి చెప్పండి. ఎందుకు నచ్చిందో, ఏ షాపులో దొరుకుతుందో కూడా రాయండి. పాతవి వద్దు.